బండి మీద గజ్జల నొప్పి: కూర్చునే తీరు నుంచి డాక్టరు దాకా

నాది పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. ఉండేది ఒడిశాలోని రాయగడలో. ఒక రోజు గుణుపూర్, రామనగుడ, పద్మపూర్ వైపు తిరిగితే ఇంకో రోజు బిస్సంకటక్, మునిగుడ వైపు. పత్తి సీజన్లో రోజుకు వంద కిలోమీటర్లకు తగ్గదు. నెలకొకసారి కోరాపుట్ వెళ్లి, సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా ఇల్లు చేరతాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు పాత బండి అమ్మి, ముందుకు వాలిన సీటున్న 150 సీసీ బండి కొన్నాను. నెల తిరక్కుండానే గజ్జల్లో లాగడం మొదలైంది. తర్వాత కాళ్ల మధ్య తిమ్మిరి. బండి దిగాక పది నిమిషాలు అక్కడ నా ఒళ్లు నాది కాదన్నట్టు ఉండేది. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. ఒకరోజు పార్వతీపురంలో టీ తాగుతూ తోటి ఉద్యోగి ఒకాయన గొంతు తగ్గించి, "అన్నా, నీకు కూడా అక్కడ మొద్దుబారుతుందా?" అని అడిగాడు. ఆ బల్ల దగ్గర నలుగురం ఉన్నాం. నలుగురికీ ఉంది. ఒక్కరూ అంతకుముందు నోరు విప్పలేదు.

ఈ నొప్పిలో ఎక్కువ భాగం కూర్చోవడం, సీటు, బట్టలు సరిచేసుకుంటే పోతుంది. కాకపోతే వరస ముఖ్యం. చాలామంది మొదట సీటు మీదికి ఒక మెత్త కొంటారు, తర్వాత మందుల షాపులో ట్యూబు కొంటారు. నేనూ ఆ రెండూ చేశాను. రెండూ తప్పు వరసే.

ముందు ఎక్కడ నొప్పో పట్టుకోండి

గజ్జల నొప్పి అని ఒకే మాట అంటాం గానీ అందులో మూడు వేరువేరు బాధలున్నాయి. ఇంటికి చేరాక కాదు, బండి ఆపిన వెంటనే గమనించుకోవాలి.

బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారి, ట్యాంకు అంచుకు తగిలి నొప్పి వస్తుంటే అది జారుడు వల్ల వచ్చేది. వృషణాల మీద, వాటి పైభాగంలో బరువుగా, నలిగినట్టు ఉంటుంది.

మూత్రం వచ్చే దారికీ మలద్వారానికీ మధ్య ఉన్న మెత్తటి చోట తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండడం, దిగాక కాసేపు స్పర్శ తెలియకపోవడం ఉంటే అది ఒత్తిడి వల్ల వచ్చేది. పుడెండల్ అనే నరం ఆ చుట్టుపక్కలే వెళ్తుంది. మన బరువంతా ఆ మెత్తటి చోట పడితే ఆ నరం, దానితో పాటు వెళ్లే రక్తనాళాలు నలుగుతాయి. తిమ్మిరి అంటే శరీరం ఇక చాలు అని చెప్పడమే. దాన్ని ఓర్చుకుని బండి నడపకూడదు.

మూడోది చర్మానిది. తొడ గజ్జతో కలిసే మడతలో మంట, ఎర్రబారడం, చెమట తగిలితే చురుక్కుమనడం. ఇది ఒరిపిడి కావచ్చు, తామర కావచ్చు. రెంటికీ మందు ఒకటి కాదు.

ఒక వారం పాటు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మొదలైంది, ఏ రోడ్డు మీద మొదలైంది అని ఫోనులో రాసుకోండి. నాకు చదును రోడ్డు మీద నలభై కిలోమీటర్ల దాకా ఏమీ ఉండేది కాదు. ఘాట్ దిగేటప్పుడు మాత్రం పది నిమిషాల్లోనే పట్టేసేది. లోపం ఎక్కడుందో ఆ రాతే చూపించింది.

పీట మీద కూర్చుని చూడండి

ఇంట్లో చెక్క పీటో బల్లో ఉంటే అరచేతులు పైకి తిప్పి పిరుదుల కింద పెట్టుకుని కూర్చోండి. నడుము నిటారుగా పెట్టి కొంచెం ముందుకూ వెనక్కూ ఊగండి. చేతులకు రెండు ఎముక గుబ్బలు గట్టిగా తగులుతాయి. మనిషి బరువు మోయడానికి ఉన్నవి అవే. ఇప్పుడు నడుము వంచి బాగా ముందుకు వాలండి. గుబ్బల ఒత్తిడి తగ్గి, బరువు కాళ్ల మధ్య మెత్తటి చోటికి జరగడం స్పష్టంగా తెలుస్తుంది.

బండి మీద మనకు జరిగేది ఇదే. ఆ గుబ్బల మధ్య దూరం మనిషిని బట్టి సుమారు పది నుంచి పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది. సీటు వెనక భాగం వెడల్పుగా ఉంటుంది, అక్కడ రెండు గుబ్బలూ ఆనతాయి. ట్యాంకు దగ్గర సీటు సన్నబడుతుంది. ముందుకు జరిగి అక్కడ కూర్చుంటే గుబ్బలు రెండూ గాలిలో ఉంటాయి, బరువంతా మధ్యలో పడుతుంది. సీటు ఎంత ఖరీదైనదైనా ముందు కొన మీద కూర్చుంటే తిమ్మిరి తప్పదు.

బండెక్కాక

సెంటర్ స్టాండ్ వేసి ఇంటి ముందే అలవాటు చేసుకోండి. ఎక్కగానే ఒకసారి ఫుట్‌రెస్టుల మీద నిలబడండి. పిరుదులు కాస్త వెనక్కి పెట్టి నెమ్మదిగా కూర్చోండి. మీకూ ట్యాంకుకూ మధ్య మీ పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి. రెండు ఎముక గుబ్బలూ సీటుకు ఆనాయని తెలియాలి. అక్కడి నుంచి మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి, నలిపేసేలా కాదు, దిండును పట్టుకున్నట్టు. పాదం ముందుభాగం ఫుట్‌రెస్టు మీద ఉండాలి. మోచేతులు వదులుగా వంగి ఉండాలి.

చేతులు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయంటే హ్యాండిల్ మీకు దూరంగా ఉందన్నమాట. దూరంగా ఉంటే అందుకోవడానికి నడుము ముందుకు వంగుతుంది, పీట మీద చూసినట్టే బరువు మెత్తటి చోటికి జరుగుతుంది. మామూలు పైపు హ్యాండిల్ ఉన్న బళ్లలో మెకానిక్ క్లాంపు బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ను కాస్త వెనక్కి తిప్పగలడు. ఐదు నిమిషాల పని. తిప్పాక కేబుళ్లు లాగుతున్నాయేమో, హ్యాండిల్ పూర్తిగా రెండు పక్కలకూ తిరుగుతోందో లేదో చూసి, బోల్టులు బిగించారో లేదో మళ్లీ చూసుకోండి.

గుంత, స్పీడ్ బ్రేకర్, కల్వర్టు దగ్గర రోడ్డు కుంగిన చోటు కనబడగానే వేగం తగ్గించి, బరువు పాదాల మీదికి తెచ్చి సీటు నుంచి ఒక్క అంగుళం లేవండి. పూర్తిగా నిలబడనక్కర్లేదు. కుదుపును మోకాళ్లు తీసుకుంటాయి. మొదటి నాలుగైదు రోజులు తొడలు నొప్పి పెడతాయి, తర్వాత అలవాటైపోతుంది. నేను చేసిన మార్పులన్నిట్లోకీ ఎక్కువ పనిచేసింది ఇదే, పైసా ఖర్చు కూడా లేదు.

ఒకే భంగిమలో గంటలు గంటలు ఉండొద్దు. ముప్పావుగంటకొకసారి బండి ఆపి, దిగి, అయిదు నిమిషాలు నడవండి. బండి మీదే కాలు కింద పెట్టి ఫోను మాట్లాడితే అది విశ్రాంతి కాదు, బరువు అక్కడే ఉంది. ఆపే వీలు లేకపోతే ఖాళీ రోడ్డు మీద అప్పుడప్పుడు పది సెకన్లు పాదాల మీద లేచినా రక్తం ఆడుతుంది.

ఘాట్ దిగేటప్పుడు

మన ప్రాంతం వాళ్లకు ఇది విడిగా చెప్పాలి. ఇచ్ఛాపురం, బరంపురం మధ్య హైవే మీద తిరిగేవాళ్లకు దీనితో అంత పనిలేదు. కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి 850 మీటర్ల పైన ఉంటుంది. 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి, సుంకి దాటి సాలూరు దిగుతుంటే ఆ ఎత్తంతా మలుపుల్లో దిగాలి. బరంపురం నుంచి మోహన వైపు వెళ్లేవాళ్లకు తప్తపాణి ఘాట్ ఉంది.

దిగుడులో బండి ముందుకు వాలి ఉంటుంది, దానికి బ్రేకు తోడవుతుంది. శరీరం ట్యాంకు మీదికి జారుతుంది. చాలామంది చేతులతో హ్యాండిల్‌ను నెట్టి ఆపుకుంటారు. మణికట్లు నొప్పి పుడతాయి, చేతులు అలిసిపోగానే మళ్లీ జారతారు. ఆపాల్సింది తొడలతో. మలుపుకు ముందే గేరు తగ్గించండి. రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అప్పుడు బ్రేకు గట్టిగా నొక్కే పని తక్కువ, జారడం తక్కువ. న్యూట్రల్లో పెట్టి దిగితే పెట్రోలు మిగులుతుందని కొందరు చేస్తారు. అది ప్రాణానికే ముప్పు.

ట్యాంకు పక్కలు నున్నగా ఉండి మోకాళ్లు జారుతుంటే రబ్బరు గ్రిప్పు స్టిక్కర్లు అతికించుకోండి. మోకాలు తగిలే చోట మాత్రమే చాలు.

ట్యాంకు మీద బరువు పెట్టుకుని ఘాట్ దిగొద్దు. ఊళ్లలో చూస్తుంటాను, 45 కిలోల యూరియా బస్తా ట్యాంకు మీద అడ్డంగా వేసుకుని, దాని వెనక సీటు కొన మీద ఇరుక్కుని కూర్చుంటారు. బ్రేకు పడితే మనిషి బస్తాకూ సీటుకూ మధ్య నలుగుతాడు, హ్యాండిల్ తిరగదు. బస్తా వెనక కట్టాలి, లేదా ఆటోలో పంపాలి. ప్యాంటు ముందు జేబుల్లో తాళాల గుత్తి, ఫోను కూడా పెట్టుకోకండి. జారినప్పుడు గజ్జలోకి దిగేది అదే.

సీటు బాగుచేయించడం

కూర్చునే తీరు మార్చి రెండు వారాలు చూశాక కూడా బాధ ఉంటే అప్పుడు సీటు సంగతి.

ముందు సీటు వాలు చూడండి. సీటు ముందుభాగం మీద ఒక గోళీ పెడితే ట్యాంకు వైపు పరుగెడుతుందా? కొంచెం వాలు మామూలే. గట్టిగా వాలి ఉంటే, సీటు ముందు కొన కింద ఉండే రబ్బరు బుడిపెల దగ్గర అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా మందం ఉన్న రబ్బరు వాషర్లు పెట్టి ఎత్తు పెంచవచ్చు. సీటు లాక్ పూర్తిగా పడాలి, కదలకూడదు. అన్ని బళ్లకూ ఇది కుదరదు, మెకానిక్‌తో చూపించుకుని చేయించండి.

తర్వాత స్పాంజి. బొటనవేలితో గట్టిగా నొక్కితే కింద ప్లాస్టిక్ తగులుతుంటే ఆ స్పాంజి అయిపోయినట్టే. మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందనుకోవడం పొరపాటు. మెత్తటి స్పాంజిలో ఎముక గుబ్బలు దిగబడిపోతాయి, మధ్యభాగం పైకి ఉబ్బి సరిగ్గా నరం మీదే నొక్కుతుంది. షోరూమ్ ముందు కూర్చుని చూసినప్పుడు మెత్తగా ఉన్న సీటే యాభై కిలోమీటర్ల తర్వాత శత్రువవుతుంది.

సీటు కవర్లు కుట్టే షాపుకు వెళ్లి ఇలా చెప్పండి: గట్టి స్పాంజి వేయాలి. కూర్చునే చోటు చదునుగా, వెడల్పుగా ఉండాలి. ముందు కొన అంచులు తొడలకు తగలకుండా గుండ్రంగా కోయాలి. మధ్యలో నిలువుగా, లోతు లేని చిన్న పల్లం తీయాలి. రెక్జిన్ కుట్లు తొడలు ఆనే చోట రాకూడదు. స్పాంజి మీద పలచటి ప్లాస్టిక్ షీటు వేస్తే వాన నీళ్లు లోపలికి పోవు. అన్నిటికన్నా ముఖ్యం, రెక్జిన్ కొట్టేయకముందే స్పాంజి మీద కూర్చుని చూడాలి. పావుగంట కదలకుండా కూర్చోండి. షాపు ఆయన విసుక్కున్నా ఫరవాలేదు. ఒక్కసారి పిన్నులు కొట్టాక మార్చమంటే మళ్లీ మొదటి నుంచి పని. నాకు మొదటిసారి సీటు చేసిన చోట మధ్య పల్లం మరీ లోతుగా తీశారు. పల్లం అంచులే గుచ్చుకున్నాయి. రెండోసారి వేరే చోట పావుగంట కూర్చుని చూశాకే కవరు వేయనిచ్చాను.

గాలి నింపే మెత్తలు దొరుకుతున్నాయి. మంచివే, కానీ బెలూనులా బిగుతుగా నింపేస్తే పనికిరావు. కూర్చున్నాక గుబ్బలు సీటుకు వేలెడు మందం పైన తేలేంత గాలి చాలు. ఎత్తు పెరుగుతుంది కాబట్టి రెండు పాదాలూ నేలకు అందుతున్నాయో లేదో చూసుకోండి. జాలీలా ఉండే నెట్ కవర్లు ఎండాకాలంలో గాలి ఆడనిస్తాయి, వానాకాలంలో నీళ్లు పట్టి ఉంచుతాయి. కాలం బట్టి తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో నల్ల రెక్జిన్ సీటు ఎండలో ఉంటే పెనంలా కాలుతుంది. నీడ దొరక్కపోతే సీటు మీద తడి గామ్ఛా (పలచటి తువ్వాలు) పరిచి వెళ్లి, వచ్చాక తీసి, పొడిగుడ్డతో తుడిచి కూర్చోండి.

బండి కింది భాగం గురించి రెండు మాటలు చాలు. టైరు గాలి బండి మీద అంటించిన స్టిక్కరులో ఎంత ఉంటే అంత. ఎక్కువైతే ప్రతి రాయీ ఒంటికి తగులుతుంది. వెనక షాకబ్జర్ల గట్టిదనం మార్చే మెట్లుంటాయి. ఎప్పుడో ఇద్దరి బరువుకు బిగించి వదిలేసి ఉంటే ఒక్కరు కూర్చున్నప్పుడు వెనక పైకి లేచి సీటు ముందుకు వాలుతుంది, కుదుపూ పెరుగుతుంది. ఒక మెట్టు తగ్గించి చూడండి. రెండు షాకబ్జర్లుంటే రెండూ ఒకే మెట్టులో ఉండాలి.

బట్టలు

జీన్స్ ప్యాంటు తిరగేసి చూడండి. నాలుగు లావు కుట్లు కలిసే చోటు సరిగ్గా మనం కూర్చునే మెత్తటి చోటే. గంటసేపు ఆ ముడి మీద కూర్చుంటే సీటు ఎంత మంచిదైనా లాభం లేదు. సాగే గుణమున్న పలచటి ప్యాంటు మేలు. దర్జీ దగ్గర కుట్టించుకునేవాళ్లయితే కాళ్ల మధ్య డైమండ్ ఆకారంలో ఒక ముక్క వేసి కుట్టమనండి. కుట్లు పక్కలకు జరుగుతాయి, కాలు చాపినా లాగదు.

లోపలి బట్ట ఇంకా ముఖ్యం. మామూలు వి ఆకారం డ్రాయరు ఎలాస్టిక్ సరిగ్గా గజ్జ మడతలోనే పడి కోస్తుంది. తొడల సగం దాకా వచ్చే, ఒంటికి అంటుకునే పొడుగు డ్రాయరు వాడండి. తొడకూ తొడకూ మధ్య ఒరిపిడి పోతుంది, వృషణాలు కదలకుండా ఉంటాయి. మెత్త లేని సైక్లింగ్ షార్టు అయినా సరే. కాటన్ మంచిదని చిన్నప్పటి నుంచి విన్నాం. ఇంట్లో ఉన్నప్పుడు నిజమే. చెమట ధారగా కారే ప్రయాణంలో మాత్రం కాటన్ చెమట పీల్చుకుని తడిగుడ్డలా అంటుకుపోతుంది. త్వరగా ఆరే నైలాన్, స్పాండెక్స్ కలిసిన బట్ట దూరప్రయాణానికి నయం. మరీ బిగుతు వద్దు. ఎక్కే ముందు ఒకసారి సర్దుకోండి. కింద నలగకుండా ఉండడానికి ఆ ఒక్క క్షణం చాలు.

ఒరిపిడి వచ్చే మనిషైతే బయల్దేరే ముందు తొడల లోపలి వైపు పెట్రోలియం జెల్లీ పలచగా రాసుకోండి. కొబ్బరినూనె కూడా పనిచేస్తుంది గానీ తొందరగా ఇంకిపోతుంది. పౌడరు మందంగా చల్లుకోవద్దు. చెమటతో కలిసి ఉండలు కట్టి ఇసుకలా గీస్తుంది.

వానాకాలంలో బండి డిక్కీలోనో సంచిలోనో ఒక పొడి డ్రాయరు, చిన్న తువ్వాలు పాలిథిన్ కవరులో పెట్టుకోండి. రెయిన్‌కోటు ప్యాంటు లోపల చెమటే వాన అంత తడి చేస్తుంది. తడిసిన గుడ్డతో రోజంతా తిరగడమే తర్వాత చెప్పబోయే దానికి దారి. ఇంటికి రాగానే స్నానం చేసి, గజ్జ మడతలు పొడిగా తుడుచుకుని లుంగీ కట్టుకోండి. మన పెద్దవాళ్ల ఈ అలవాటు గజ్జల చర్మానికి నిజంగా మంచిది.

తామర వస్తే షాపు ట్యూబు వద్దు

ఈ భాగం దయచేసి వదిలేయకుండా చదవండి.

ఒరిపిడి మంట రెండు మూడు రోజులు బండి ఆపితే, పొడిగా ఉంచితే తగ్గుతుంది. అలా తగ్గకుండా దురద పెరుగుతూ, అంచు కాస్త ఎత్తుగా, ఎర్రగా ఉండి మధ్యలో మామూలు రంగుకు వస్తున్న వలయంలా తొడ మీదికి పాకుతుంటే అది తామర. మన వైపు ఒడియా వాళ్లు జాదు అంటారు. ఇది ఫంగస్. వేడి, చెమట, తడి దానికి ఎరువు.

నేను చేసిన తప్పు ఇక్కడే. మందుల షాపులో దురద అని చెప్తే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఒకటి ఇచ్చారు. రెండు రోజుల్లో దురద మాయం. మానేయగానే రెట్టింపు. మళ్లీ రాశాను. అయిదు నెలలకు గజ్జల నుంచి పిరుదుల దాకా పాకింది, తొడల లోపల చర్మం పలచబడి చారలు పడ్డాయి. ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయి. చర్మ డాక్టరు ట్యూబు చూసి, అందులో క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ ఉందని చెప్పారు. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని, దురదను అణిచేస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు. అది ఉన్నంతసేపు ఫంగస్‌కు ఎదురు ఉండదు.

ట్యూబు కొనే ముందు దాని మీద రాసిన పేర్లు చదవండి, లేదా చదివించుకోండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరు ఏది ఉన్నా తామరకు సొంతంగా రాయొద్దు. చర్మ డాక్టరుకు చూపించండి. ఆయన ఇచ్చిన ఫంగస్ మందు దురద పోయాక కూడా చెప్పినన్ని వారాలు రాయాలి. దురద పోయినంత మాత్రాన ఫంగస్ పోయినట్టు కాదు. తువ్వాలు, డ్రాయర్లు వేరుగా వేడినీళ్లతో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

నీళ్లు, మూత్రం

ఎక్కడ ఆగాలో తెలియక నీళ్లు తాగడం మానేస్తాం. ఎండలో అలా తిరిగితే మూత్రం చిక్కబడి మంట వస్తుంది, కిడ్నీలో రాళ్లకు అవకాశం పెరుగుతుంది. రాయి నొప్పి పక్క నుంచి మొదలై గజ్జల్లోకి దిగుతుంది, చాలామంది దాన్ని బండి నొప్పి అనుకుంటారు. గంటకు రెండు మూడు గుక్కలైనా తాగండి. కోరాపుట్ వైపు సంతల్లో రాగి అంబలి దొరికితే దాహానికి మంచిది. నిండిన మూత్రాశయంతో గుంతల రోడ్డు మీద వెళ్లొద్దు. ప్రతి కుదుపూ నేరుగా దాని మీదే పడుతుంది.

ఆడవాళ్ల సంగతి

ఇది మగవాళ్లకే వచ్చే బాధ అనుకుని ఊరుకోకూడదు. మా ఆవిడ స్కూటీ మీద రోజూ స్కూలుకు వెళ్లి వస్తుంది. నెలసరి రోజుల్లో ప్యాడ్ అంచులు గజ్జలను కోసేస్తాయని నాతో చెప్పింది పెళ్లయిన ఎనిమిదేళ్లకు. పలచటి, మెత్తటి అంచున్న ప్యాడ్, దాని మీద పొడుగు డ్రాయరు వేసుకోవడం, నాలుగైదు గంటలకొకసారి మార్చుకోవడం వల్ల బాగా తగ్గిందంటుంది. మూత్రం ఆపుకోవడం వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ ఆడవాళ్లలోనే ఎక్కువ. వెంట ఆడవాళ్లుంటే పెట్రోలు బంకు కనబడినప్పుడు వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే బండి ఆపండి.

వెనక ఒకపక్కకు కూర్చుని దూరం వెళ్తే నడుము మెలి తిరిగి ఉంటుంది, ఒక గజ్జ కండరం లాగేస్తుంది. పడిపోయే ప్రమాదం సరేసరి. దూరం వెళ్లేటప్పుడు చుడీదార్ వేసుకుని రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవడమే మేలు. స్కూటీ ముందు కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండరు పెట్టుకుని కాళ్లు ఎడం చేసి నడపడం వల్ల కూడా గజ్జలు పట్టేస్తాయి. గర్భంతో ఉన్నవాళ్లు బండి ఎక్కే ముందు డాక్టరును అడగాలి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

ఒక వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, అది పైకి లాక్కున్నట్టు కనబడడం: వృషణం మెలిపడి రక్తం ఆగిపోయి ఉండవచ్చు. కుర్రవాళ్లలో ఎక్కువ. ఆరు గంటల లోపు ఆపరేషన్ అయితే దాన్ని కాపాడే అవకాశం బాగా ఉంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ అది తగ్గిపోతుంది. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. ఒడిశాలో అయినా ఆంధ్రలో అయినా అంబులెన్సు నంబరు 108. సర్జను ఉన్న చోటికి నేరుగా వెళ్లండి. మన వైపు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులంటే కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ.

ట్యాంకుకు గట్టిగా గుద్దుకున్నాక వాపు, మూత్రంలో రక్తం, మూత్రం రాకపోవడం. కాళ్ల మధ్య స్పర్శ పోయి దానితో పాటు మూత్రం, మలం అదుపు తప్పడం. గజ్జల్లో ఉబ్బు గట్టిపడి, నొప్పితో లోపలికి పోకపోవడం. ఇవి కూడా ఆ రోజే చూపించాల్సినవి.

దగ్గితే, బరువెత్తితే గజ్జలో ఉబ్బు కనబడి పడుకుంటే పోతుంటే అది హెర్నియా కావచ్చు, సర్జనుకు చూపించండి. వృషణంలో నొప్పి లేకుండా గడ్డ తగిలినా స్కాన్ తీయించాలి. నొప్పి లేదు కదా అని ఆగకూడదు. బండి మానేసినా తిమ్మిరి రెండు మూడు రోజులకు మించి ఉంటే, అంగస్తంభనలో తేడా ఉంటే యూరాలజిస్టును (మూత్ర సంబంధ బాధలు చూసే డాక్టరును) కలవండి. వృషణాలకు శరీరం కన్నా 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ వేడి కావాలి. అందుకే పిల్లల కోసం చూస్తున్నవాళ్లు రోజుకు ఎన్ని గంటలు బండి మీద ఉంటారో డాక్టరుకు చెప్పాలి. టెన్షన్ పడాల్సిన పనిలేదు, చెప్పాలంతే.

రాయగడలో, పర్లాకిమిడిలో మనవాళ్లు డాక్టరు ముందు కూర్చుని "కాలు నొప్పి" అని తేల్చేసి వచ్చేస్తారు. ఒడియా డాక్టరైతే భాష కూడా అడ్డం. వేలితో చూపించి, నొప్పికైతే "జంఘ సంధిరె బింధుఛి" అనండి, దురదకైతే "కుండేఇ హేఉఛి". ఫోనులో రాసుకున్న కిలోమీటర్ల లెక్క, వాడిన ట్యూబు కూడా బల్ల మీద పెట్టండి. మిగతావి ఆయనే అడుగుతారు.